అక్క పాలలో కలిపిన పొడి

సెలూన్‌లో వాదన పనికిరాదని ఆయనకు పని నేర్పిన ముసలాయన మొదటిరోజే చెప్పాడు. "నీ చేతిలో కత్తి ఉంటుంది. ఎదుటివాడి గొంతు దాని కింద ఉంటుంది. ఆయన ఏదో అంటాడు. నువ్వు కాదన్నావనుకో, గిరుక్కున తల తిప్పి నీ మొహంలోకి చూస్తాడు. ఆ తరవాత ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. అందుకని ఏం అన్నా అవునండీ అను. నీ సొమ్మేం పోతుంది?"

ఆ మాట ఆయన ఒంటికి పట్టేసింది. కుర్చీలో కూర్చున్నవాళ్లు వాన పడుతుందంటే అవునండీ అనేవాడు. ఆ వెంటనే కూర్చున్నాయన ఇంకెక్కడి వాన అంటే దానికీ అవునండీయే. ఎన్నికల్లో దుకాణం ఉన్న వీధిలో నిలబడ్డ ఇద్దరూ ఆయన ఓటు తమకేనని నమ్మారు. చివరికి జనం ఆయన పేరు మరిచిపోయి 'అవునుగారు' అని పిలవడం మొదలెట్టారు. దానికీ ఆయన పలికేవాడు.

అలవాటు దుకాణం దగ్గరే ఆగితే బాగుండేది. కత్తి కడిగి పెట్టి, తెల్లకోటు మేకుకు తగిలించి, షట్టర్ దించి ఇంటికొచ్చాక కూడా ఆయన నోరు అదే పని చేసేది. కూరలో ఉప్పెక్కువైందా అని భార్య అడిగితే అవును. లేదు, చప్పగా ఉందా అంటే అవును. "మీతో కాపురం గోడతో కాపురం లాంటిదండీ. కాకపోతే గోడ తలూపదు" అనేది ఆవిడ.

ఆయన అక్క దీనికి పూర్తిగా ఎదురు. తల్లి పోయాక తమ్ముణ్ని పెంచింది ఆవిడే. పెళ్లి చేసుకోలేదు. సినిమాహాలు టిక్కెట్ల కిటికీ వెనక కూర్చుని జుట్టు నెరిసేదాకా ఉద్యోగం చేసింది. చెయ్యి పట్టేంత కన్నంలోంచి లోపలికొచ్చిన ప్రతి చేతికీ లేదు, అయిపోయాయి, పక్కకు జరుగు అని చెప్పీ చెప్పీ ఆవిడ గొంతుకు ఒక పదును వచ్చింది. పదవీ విరమణ చేశాక తమ్ముడింట్లో ముందుగదిలో ఉంటోంది. కిటికీ పక్కన మంచం, మంచం పక్కన రేడియో, వీధిలో పోయే ప్రతివాళ్ల మీదా ఒక వ్యాఖ్య.

అలాంటి అక్కకు రొమ్ములో గడ్డ తగిలింది. ఆవిడే చూసుకుంది, ఆవిడే ఆసుపత్రికి నడిచింది, ముక్క తీసి పరీక్ష చేశాక క్యాన్సరేనని తేలితే ఆవిడే ఇంటికొచ్చి చెప్పింది. "గడ్డ పెద్దదిట. ముందు మందెక్కించి కరిగిస్తారట, తరవాత కోస్తారట. ఏడుపులు గీడుపులు పెట్టారంటే ఇల్లు మారిపోతాను" అంది. తమ్ముడు అవునక్కా అన్నాడు. దేనికి అవునన్నాడో ఆయనకే తెలియదు.

మొదటి విడత మందు ఎక్కించాక జుట్టు రాలింది. తమ్ముడే మిగిలిన జుట్టు తీసేశాడు. ఊళ్లోవాళ్లందరి తలల మీదా నిబ్బరంగా ఆడిన చెయ్యి ఆవేళ వణికింది. "వణక్కురా, చెవి తెగుతుంది. ఉన్నవైనా ఉండనీ" అని అక్కే నవ్వించింది. రెండో విడత తరవాత మాత్రం ఆ నవ్వు కూడా ఆగిపోయింది. నీరసం. మామూలు నీరసం కాదు. రేడియో కట్టెయ్యడానికి చెయ్యి చాచాలన్నా ఆలోచించేది. రాత్రి నిద్ర రాదు, పగలు తెలివి ఉండదు. వీధిలో పోయేవాళ్ల మీద వ్యాఖ్యలు మానేసింది. "గ్లాసు ఎత్తుతుంటే బిందె ఎత్తినట్టుందిరా" అంది ఒకసారి. ఆ మాట తమ్ముడి గుండెలో ముల్లులా దిగింది.

అచ్చాఫీసు ఆయన సెలూన్‌కి వచ్చింది సరిగ్గా అప్పుడే. శుభలేఖలూ కరపత్రాలూ వేసే చిన్న అచ్చాఫీసు ఆయనది. పాత గిరాకీ.

"మీ అక్కగారికి ఎలా ఉందోయ్?"

చెప్పాడు.

"ఏం పిచ్చివాడివయ్యా! అశ్వగంధ వాడట్లేదూ?"

"అవునండీ... అంటే, లేదండీ."

"మా తోడల్లుడి చెల్లెలికి ఇదే జబ్బు. అశ్వగంధ పొడి పాలలో కలిపి ఇచ్చారు. లేచి తిరిగింది! ఇది నా మాట కాదు, పరిశోధనలు చేశారు. అశ్వగంధ రసం పోస్తే క్యాన్సర్ కణాలు చచ్చిపోయాయట. ఇదిగో చూడు." ఆయన గుడ్డ కిందనుంచి చెయ్యి బయటికి తీసి ఫోను చూపించాడు. అందులో ఎవరో తెల్లకోటు మనిషి గబగబా మాట్లాడుతున్నాడు. వెనక ఏవో గుండ్రటి కణాలు పగిలిపోతున్నాయి. తమ్ముడు చూస్తూ నిలబడ్డాడు. తనూ తెల్లకోటే వేసుకుని ఉన్నాడు కానీ ఆ మాట ఆయనకు తట్టలేదు.

మర్నాడు అచ్చాఫీసు ఆయన ఒక డబ్బా తెచ్చి అద్దం ముందు పెట్టాడు. మూత తీస్తే గుర్రపుశాల వాసన.

ఆ డబ్బా సంచీలో వేసుకునే ఆయన ఆ వారం ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరమ్మను అడగాలనే వెళ్లాడు. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాడు. "అమ్మా, ఇలా ఒక పొడి ఉందిట, ఇవ్వొచ్చా?" అంతే కదా. కానీ డాక్టరమ్మ ముందు వరసగా జనం. ఆవిడ కాగితం మీంచి తల ఎత్తకుండానే, "ఆకులూ పసర్లూ పొడులూ ఏం పెట్టట్లేదు కదా?" అంది.

ఆ ప్రశ్న ఏ జవాబు కోరుతోందో ఆయన చెవికి తెలిసిపోయింది. "లేదండీ" అన్నాడు.

అది అబద్ధం కాదు. అప్పటికి నిజంగానే పెట్టలేదు. డబ్బాలోంచి చిటికెడు కూడా తియ్యలేదు. అబద్ధమైంది మర్నాడు.

ఎందుకంటే మర్నాడు అక్క మంచం మీంచి లేవలేక, గోడవైపు తిరిగి పడుకుని, "ఒరేయ్, ఇంకొక్కసారి ఆ సూది పొడిపించుకోవడం నా వల్ల కాదేమోరా" అంది. జీవితంలో ఆవిడ నోట ఆయన వినని మాట. ఆయన వంటింట్లోకి వెళ్లి పాలు వెచ్చబెట్టి చెంచాడు పొడి కలిపి తెచ్చాడు.

"ఏమిటిది?"

"అశ్వగంధక్కా. ఓపిక వస్తుందట. నిద్ర పడుతుందట."

"డాక్టర్ని అడిగావా?"

"అవును."

"ఏమంది?"

"సరే అంది."

అక్క ఒక్క గుక్క తాగి మొహం చిట్లించింది. "బాత్రూం కడిగిన నీళ్లలా ఉంది" అంది. కానీ తాగేసింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. పొడి పనిచెయ్యకపోతే ఈ కథ ఇంతటితో ఆగేది. వారం తిరక్కుండా అక్కకు నిద్ర పట్టడం మొదలైంది. తరవాత ఆకలి. ఒకనాడు ఆయన దుకాణం నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. "ఆ ఎదురింటాయన చొక్కా చూశావూ? కిటికీ పరదా కుట్టగా మిగిలిన గుడ్డ" అంది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. భార్యవైపు తిరిగి చూశాడు. ఆవిడ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. "వదినకు నోరొచ్చిందండీ!" అంది, ఏదో శుభవార్త చెబుతున్నట్టు.

ఆ సంతోషం పట్టుమని పది గడ్డాలు గీసేదాకా కూడా నిలవలేదు. మందుల కంపెనీ తరఫున డాక్టర్ల దగ్గరికి తిరిగే ఆయన కుర్చీలో కూర్చున్నాడు. మొహం నిండా నురగ. మాటల్లో అక్క సంగతి వచ్చింది, పొడి సంగతీ వచ్చింది.

"అశ్వగంధా?" నురగలోంచి రెండు కళ్లు తెరుచుకున్నాయి. "కీమో ఎక్కిస్తుంటేనా? లివర్ పోతుందయ్యా! పచ్చకామెర్లొచ్చి ఆసుపత్రిలో పడ్డవాళ్లు ఉన్నారు. వెంటనే ఆపెయ్యి."

"అవునండీ" అన్నాడు. ఆ రాత్రి పొడి సగం చెంచా చేశాడు. పూర్తిగా ఆపడానికి చెయ్యి రాలేదు.

రెండు రోజులకు అచ్చాఫీసు ఆయన మళ్లీ మీసం దిద్దించుకోవడానికొచ్చి, "ఎంత ఇస్తున్నావ్? ఒక చెంచానా? ఏం సరిపోతుంది! రెండు వెయ్యి" అన్నాడు. అవునండీ. రెండయ్యాయి.

ఆ తరవాత చెట్లూ మొక్కల గురించి కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు వచ్చాడు. ఈయనైతే తేలుస్తాడని ఆశపడి, ఈసారి తమ్ముడే అడిగాడు. మాస్టారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మంచి మొక్కే. పాతకాలం నుంచీ బలానికీ నిద్రకీ వాడుతున్నదే. అయితే నీ డబ్బాలో ఉన్నది వేరా, ఆకా?"

"పొడండీ."

"పొడి సరేనయ్యా, దేని పొడి? వాడేది వేరు. వేరు ఖరీదని ఆకు కలుపుతారు. ఆకుకూ వేరుకూ గుణం ఒకటి కాదు. పోనీ వేరే అనుకో, ఏ నేలలోది? అందులో ఇంకేం కలిసింది? సీసం గీసం ఉన్నాయేమో ఎవరు చూశారు?"

"అవునండీ" అన్నాడు తమ్ముడు, బిక్కమొహం వేసి. ఒక ప్రశ్న పట్టుకెళ్తే అయిదు ప్రశ్నలు తిరిగొచ్చాయి.

ఇలా ఆ ఇంట్లో అక్క పాలలో పడే పొడి ఆవేళ కుర్చీలో చివరగా కూర్చున్నది ఎవరన్నదాన్ని బట్టి మారుతూ వచ్చింది. ఒకనాడు రెండు చెంచాలు, ఒకనాడు చిటికెడు, ఒకనాడు ఏమీ లేదు. ఏమీ లేని రోజున అక్క, "ఇవాళ పాలు పాలలా ఉన్నాయేమిట్రా?" అనేది. పొడి అయిపోయిందక్కా అనేవాడు. మర్నాడు మళ్లీ వేసేవాడు. దుకాణంలో అద్దం ముందు నిలబడ్డప్పుడు తన మొహం తనకే ఎవరిదో అయోమయం మనిషి మొహంలా కనబడేది. అందరూ అంత గట్టిగా చెబుతున్నారు. ఇంత గట్టిగా చెప్పే ఇద్దరిలో ఒకడు తప్పయి తీరాలి కదా! మరి అక్క లేచి కూర్చుందే, అది కళ్లారా చూసిందే కదా!

నాలుగో విడతకు ముందు రక్తపరీక్ష చేశారు. మందు ఎక్కించే గదిలో అక్కను పడకకుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన మరదలు. డాక్టరమ్మ తమ్ముణ్ని మాత్రం లోపలికి పిలిచింది.

"మందు చాలా బాగా పనిచేస్తోంది. గడ్డ సగానికి పైగా తగ్గింది" అంది.

"అవునండీ!"

"కానీ ఆవిడ లివర్ తట్టుకోలేకపోతోంది. పరీక్షలో లెక్కలు బాగా పెరిగిపోయాయి. ఇలా ఉంటే ఈ మందు ఇవ్వలేను. ఇవాళ్టికి ఆపేస్తున్నాను. వచ్చేవారం వేరే మందుకు మారదాం. అది ఇంత బాగా పనిచేస్తుందని చెప్పలేను. అయినా తప్పదు. సరేనా?"

"సరేనండీ" అన్నాడు.

బయటికొచ్చి తలుపు మూశాక ఆయనకు తను ఏం ఒప్పుకున్నాడో బోధపడటం మొదలైంది. వసారాలో జనం తోసుకుంటూ పోతున్నారు. స్ట్రెచర్ తోసేవాడు "జరగండి, జరగండి" అంటే గోడకు ఆనుకున్నాడు. లివర్. మందుల కంపెనీ ఆయన అన్నది అదేగా. అంటే పొడి. కానీ కీమోకీ లివర్ చెడుతుందని మొదట్లో సంతకం పెట్టించుకున్నప్పుడు వాళ్లే చెప్పారు. అంటే మందు. ఏది? పొడైతే, గడ్డను కరిగిస్తున్న మంచి మందును ఉత్తిపుణ్యానికి మార్చేస్తున్నారు. మందైతే, పొడి సంగతి ఇప్పుడు చెప్పుకుని తిట్లు తినడం దేనికి? పోనీ ఇవాళ్టి నుంచి నోరుమూసుకుని పొడి మానేస్తే? ఆయనకు ఎటూ పాలుపోలేదు. అడగడానికి ఎదురుగా కుర్చీ లేదు, కుర్చీలో మనిషీ లేడు.

కాళ్లు ఆయన్ని ఆసుపత్రి మందుల కౌంటరు దగ్గరికి తీసుకుపోయాయి. అక్కడ మందులిచ్చే ఆవిడ నడివయసు మనిషి, కళ్లజోడు తాడుకు వేలాడేసుకుని డబ్బాలు సర్దుతోంది.

"అమ్మా, ఒక మాట. మాకు తెలిసినవాళ్లావిడ ఒకరు... ఈ జబ్బుకే ఇక్కడే వైద్యం... అశ్వగంధ తాగుతోందట."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది. "తెలిసినవాళ్లావిడా? మీవాళ్లావిడా?"

"అవునండీ."

"ఏది అవును?"

"మా అక్కండీ."

ఆవిడ డబ్బాలు పక్కన పెట్టింది. తిట్టలేదు. "ఏమైంది?" అంది. చెప్పాడు. చెప్పాక ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "అది మంచిదా, చెడ్డదా? ఆ ఒక్కముక్క చెప్పండమ్మా, మీకు పుణ్యముంటుంది."

"ఒక్కముక్కలో చెప్పే విషయమైతే ఎప్పుడో చెప్పేసేవాళ్లం కదండీ. కీమో జరుగుతున్న ఆడవాళ్లకు అశ్వగంధ ఇచ్చి చూశారు. నీరసం కాస్త తక్కువగా ఉందన్నారు. కానీ అది చిన్న పరిశోధన. ఎవరికి ఇస్తున్నారో, ఎవరికి ఇవ్వట్లేదో అందరికీ తెలిసే చేసింది. ఇస్తున్నారని తెలిస్తేనే సగం ఓపిక వస్తుంది మనిషికి. అందుకని పూర్తిగా నమ్మనూ లేం, కొట్టిపారెయ్యనూ లేం."

"కణాలు చచ్చిపోయాయని ఫోన్లో..."

"గాజుపళ్లెంలో చచ్చిపోయాయి. పళ్లెంలో కణం మీద పోస్తే చాలా చస్తాయి. తాగితే కడుపులోకి పోయి, లివర్లోంచి దూరి, గడ్డదాకా ఎంత చేరుతుందో ఎవరికి తెలుసు? క్యాన్సర్‌ను తగ్గిస్తుందని మనుషుల్లో ఎవరూ తేల్చలేదు."

"మరి లివర్ పాడవుతుందన్నది?"

"అది కొంతమందిలో నిజంగానే చూశారు. అందరికీ కాదు. ఎవరికవుతుందో ముందు చెప్పలేం. పైగా ఈ మందూ లివర్లోంచే పోవాలి, ఆ పొడీ లివర్లోంచే పోవాలి. ఒకదాన్నొకటి ఎలా తోసుకుంటాయో సరిగ్గా తెలీదు. అందుకే కీమో నడుస్తున్నప్పుడు వద్దంటారు. చెడ్డదని కాదు, తెలియదని."

తమ్ముడు ఆవిడ మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. ఏమీ చదవని అచ్చాఫీసు ఆయన బల్లగుద్ది చెప్పాడు. ఇంత చదివిన ఈవిడ తెలియదు, చెప్పలేం అంటోంది. ఎవరిని నమ్మాలి? విచిత్రంగా ఈ తెలియదు దగ్గరే ఆయనకు కాలు కింద నేల తగిలినట్టయింది. అయినా బుర్ర మాత్రం తేటపడలేదు.

"పోనీ మానేస్తేనమ్మా? ఎవరికీ చెప్పకుండా?"

"మానెయ్యడం ఒకటండీ, చెప్పడం ఇంకోటి. మీరు చెప్పకపోతే డాక్టరమ్మ మందునే దోషి అనుకుంటుంది. ఉన్న ఒక్క మంచి మందూ పక్కన పెట్టేస్తుంది. అది మీ అక్కగారికి మళ్లీ ఇవ్వరు. వెళ్లండి, ముందు వెళ్లండి."

డాక్టరమ్మ గదిలో వేరేవాళ్లు ఉన్నారు. ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలివాళ్లు బయటికి రాగానే పిలవకుండానే దూరాడు.

"కాదండీ" అన్నాడు.

డాక్టరమ్మ తల ఎత్తింది. "ఏది కాదు?"

"సరే కాదండీ. ఇందాక సరే అన్నాను కదండీ, అది కాదు. మందు మార్చకండి."

"చూడండి, లివర్..."

"కాదండీ!" ఆయన గొంతు ఆయనకే గట్టిగా వినబడి ఉలిక్కిపడ్డాడు. "నేను పొడి పెడుతున్నానండీ. అశ్వగంధ. పాలలో."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఎప్పటినుంచి?"

"రెండో విడత తరవాత్నుంచండీ."

"ఎంత?"

"అదే చెప్పలేనండీ. గిరాకీని బట్టి."

"గిరాకీ ఏమిటి?"

ఆయన చెప్పుకొచ్చాడు. అచ్చాఫీసు, మందుల కంపెనీ, మాస్టారు, చెంచా, సగం చెంచా. డాక్టరమ్మ మొదట కోపంగా విన్నది, మధ్యలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, చివరికి నుదురు రుద్దుకుంది.

"ఇవన్నీ ఆవిడకు తెలుసా?"

"పొడి తెలుసండీ. మీరు సరే అన్నారని కూడా తెలుసు."

"నేనా!"

"నేను చెప్పానండీ. మీరన్నారని."

డాక్టరమ్మ కాగితం మీద రాసింది కొట్టేసి వేరే రాసింది. "పొడి వల్లే అని నేను అనను. మందు వల్ల కావచ్చు, రెండూ కలిసి కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. వేరే పరీక్షలు కూడా చేయిస్తాను. ఇవాళ్టినుంచి ఆ పొడి బంద్. ఇంట్లో ఇంకే పొడులున్నా బంద్. మందు మార్చడం కూడా ఆపుతున్నాను. రెండు వారాలు చూసి మళ్లీ పరీక్ష చేద్దాం. ఆ డబ్బా నాకు తెచ్చి చూపించండి. ఇక ఆవిడకు మీరే చెప్పాలి. నేను చెప్పను."

అక్క పడకకుర్చీలో కళ్లు మూసుకుని ఉంది. తల గుడ్డ ఒక పక్కకు జారింది. మరదలు విసనకర్రలా ఒక కాగితం ఊపుతోంది.

"అక్కా."

"ఏమంది?"

"ఇవాళ లేదట. లివర్ బాగాలేదట. పొడి వల్ల కావచ్చట, కాకపోనూ వచ్చట."

"ఆవిడేగా సరే అంది?"

ఆయన జారిన తల గుడ్డ సరిచెయ్యబోయాడు. అక్క కళ్లు తెరిచింది. టిక్కెట్ల కిటికీ వెనక నుంచి ఎన్ని వేల మొహాలు చూసిన కళ్లో అవి.

"అనలేదు" అంది ఆవిడే.

"అనలేదక్కా. నేను అడగనే లేదు."

మరదలు ఊపుతున్న కాగితం ఆగిపోయింది. "అయ్యో, ఏమిటండీ ఇది!" అంది. "వదినా, కొట్టాలనుంటే చెప్పు. నేను పట్టుకుంటాను."

అక్క కొట్టలేదు, తిట్టలేదు. "నన్ను అడిగి ఉంటే నేనే వెళ్లి అడిగేదాన్ని కదరా. నాకు నోరు లేదనుకున్నావా?" అని మళ్లీ కళ్లు మూసుకుంది. ఆయనకు ఆ రెండు ముక్కలు వెయ్యి తిట్లకన్నా ఎక్కువయ్యాయి.

ఆ రెండు వారాలు ఆయన జీవితంలో అన్నిటికన్నా అర్థంకానివి. పొడి ఆపిన నాలుగో రోజుకు అక్కకు నిద్ర కరువైంది. నీరసం మళ్లీ వచ్చి మంచం మీద కూర్చుంది. మరి పొడి పనిచేసినట్టా? పనిచేస్తోందన్న నమ్మకం పనిచేసినట్టా? నాలుగో విడత ఆగిపోయిందన్న దిగులు నిద్ర చెడగొట్టిందా? దేనికి ఏది కారణమో దారం కొస దొరకలేదు. తమ్ముడు ఎదుటపడితే అక్క మొహం కిటికీవైపు తిప్పుకునేది. అయినా ఒకనాడు ఆవిడే పిలిచింది.

"నాకు ఆ పొడి పడిందిరా. నిజం చెబుతున్నా. ఒంట్లో ఏదో దీపం వెలిగించినట్టుండేది."

డబ్బా డాక్టరమ్మ దగ్గరుంది. ఉండబట్టి బతికిపోయాడు. ఇంట్లో ఉంటే ఏం చేసేవాడో ఆయనకే తెలియదు. "నువ్వే అడుగక్కా ఆవిణ్ని. నేను పక్కన నిలబడతా" అన్నాడు.

పరీక్షలో లెక్కలు దిగాయి. అక్క చక్రాల కుర్చీ వద్దని డాక్టరమ్మ గదిలోకి నడిచే వెళ్లింది.

"అయితే పొడే చేసిందన్నమాట" అంది అక్క.

"అలా అనలేనమ్మా. ఈ రెండు వారాల్లో పొడీ లేదు, మందూ లేదు. రెండూ ఆపాం, తగ్గింది. ఏది చేసిందో మీ రక్తం నాకు చెప్పదు. పాతమందే కొంచెం తగ్గించి ఇస్తాను. ఈసారి పెరగకపోతే పొడి మీద అనుమానం గట్టిపడుతుంది. పెరిగితే మందు మీద."

"మరి నాకు బాగుండింది కదా?"

"బాగుండిందంటే కాదనను. మీ ఒళ్లు, మీకే తెలియాలి. కానీ ఒకసారి లివర్ ఇలా అయ్యాక ఆ పొడి జోలికి మళ్లీ వెళ్లొద్దంటాను. ఇప్పుడే కాదు, తరవాత కూడా. నీరసానికి వేరే దారులున్నాయి. రక్తం తక్కువుంది, దానికి మందిస్తాను. రోజూ కాస్త నడవండి. విచిత్రంగా ఉంటుంది కానీ, పడుకున్నదానికన్నా నడిస్తేనే ఈ నీరసం తగ్గుతుంది. దానికి మాత్రం గట్టి రుజువులున్నాయి."

"నడవడానికి డాక్టరెందుకు, తమ్ముడు చాలు" అంది. అక్క, అని మందు గదివైపు నడిచింది.

మందు చుక్కచుక్కగా ఎక్కింది. తమ్ముడు పక్క స్టూలు మీద కూర్చుని ఆ చుక్కలవైపే చూశాడు. ఏ చుక్క గడ్డను కరిగిస్తోందో, ఏది లివర్‌ను తింటోందో చూస్తే తెలియలేదు. అన్నీ ఒక్కలాగే పడుతున్నాయి.

సాయంత్రం ముగ్గురూ ఆసుపత్రి మెట్లు దిగారు. ఆటో వద్దు, వీధి చివరిదాకా నడుద్దామంది అక్క. మరదలు సంచీతో ముందు నడిచింది. తమ్ముడి మోచెయ్యి పట్టుకుని అక్క నాలుగడుగులు వేసి ఆగేది, మళ్లీ నాలుగడుగులు.

"ఒరేయ్, ఈ మందు నన్ను బతికిస్తుందంటావా?"

ఆయన ఆగిపోయాడు. అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడ్డం పడి ఎలాగో మింగేశాడు.

"తెలీదక్కా" అన్నాడు.

అక్క ఆయన మోచెయ్యి వదిలేసి మొహంలోకి చూసింది. "ఈ ఒక్కసారికి అవునని చావరాదటరా!" అంది.

కోపంగా అందో, నవ్వుతూ అందో ఆయనకు తేలలేదు. తేల్చుకునేలోపే ఆవిడ మళ్లీ మోచెయ్యి పట్టుకుంది. ఈసారి ఇంకొంచెం గట్టిగా. ఇద్దరూ నడిచారు.